రౌటర్ లైన్ కార్డులో వరుసలు – ఎవరు ముందు, ఎవరు వెనుక?



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవిత రాయాలా, కథ రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ రెండూ నాకు రావు. నాకు కాస్తో కూస్తో వచ్చింది కంప్యూటర్ నెట్‌వర్కులు. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు కూడా అందులోనే. అందుకని ఒక పాఠమే రాస్తున్నాను. లెక్కలు ఉన్నాయని భయపడకండి, గుణకారం, భాగహారం వస్తే చాలు. మధ్యలో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెబుతాను. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రౌటర్, లైన్ కార్డు

మనం ఇంటర్నెట్‌లో పంపే ఉత్తరం, ఫోటో, మాట ఏదైనా చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ఒక్కో ముక్కను ప్యాకెట్ అంటారు. ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్ మామూలుగా 1500 బైట్లకు మించదు. కవరు మీద ఉన్నట్టే ప్రతి ప్యాకెట్ మీదా పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా ఉంటాయి. దారిలో ఆ చిరునామా చూసి ఏ వైపు పంపాలో నిర్ణయించే యంత్రమే రౌటర్.

ఇళ్ళలో ఉండే రౌటర్ చిన్న పెట్టె. టెలికాం కంపెనీల దగ్గర ఉండే పెద్ద రౌటర్ బీరువా అంత ఉంటుంది. అందులో అరలు ఉంటాయి. ఒక్కో అరలో ఒక్కో కార్డు దూరుస్తారు. బయటి నుంచి వచ్చే ఫైబర్లు తగిలించే కార్డును లైన్ కార్డు అంటారు. ఏ ఊరికి ఏ దారి అనే పట్టికను తయారుచేసే కార్డు వేరు, దాని పేరు రూట్ ప్రాసెసర్. ఒక లైన్ కార్డు నుంచి మరొక లైన్ కార్డుకు ప్యాకెట్లను చేర్చే భాగం పేరు స్విచ్ ఫ్యాబ్రిక్.

పాతకాలపు రౌటర్లలో ప్రతి ప్యాకెట్‌నూ మధ్యలో ఉన్న ప్రాసెసరే చూసేది. లైన్ల వేగం పెరిగేకొద్దీ ఒక్కరే అన్నీ చూడటం కుదరలేదు. అందువల్ల దారుల పట్టిక నకలును ప్రతి లైన్ కార్డుకూ ఇచ్చి, ఆ పని అక్కడే జరిగేలా చేశారు. ప్యాకెట్లు ఆగి ఎదురుచూసే మెమరీని బఫర్ అంటారు. అదీ లైన్ కార్డు మీదే ఉంటుంది. కనుక ఏ ప్యాకెట్ ముందు పోవాలి, ఏది ఆగాలి అనే తీర్పు కూడా లైన్ కార్డు మీదే జరుగుతుంది.

వరుస ఎందుకు ఏర్పడుతుంది?

పొద్దున ఆరు గంటలకు మన హాస్టల్ కుళాయి దగ్గర ఎంత వరుస ఉంటుందో మీకు తెలుసు. కుళాయి చెడిపోలేదు, నీళ్ళు ఎప్పటిలాగే వస్తున్నాయి. అందరూ ఒకేసారి రావడం వల్ల వరుస ఏర్పడింది. పది గంటలకు వెళితే అదే కుళాయి దగ్గర ఎవరూ ఉండరు.

లైన్ కార్డులోనూ ఇంతే. 10 గిగాబిట్ల వేగం గల రెండు పోర్టుల నుంచి వచ్చిన ప్యాకెట్లన్నీ 10 గిగాబిట్ల వేగం గల ఒకే పోర్టు గుండా బయటికి పోవాలనుకోండి. సెకనుకు 20 గిగాబిట్లు వస్తాయి, 10 మాత్రమే పోగలవు. ఈ పరిస్థితి ఒక్క మిల్లీసెకను ఉన్నా ఎన్ని మిగిలిపోతాయో చూద్దాం. 1000 కోట్ల బిట్లలో వెయ్యో వంతు, అంటే 1 కోటి బిట్లు. ఒక 1500 బైట్ల ప్యాకెట్‌లో 12,000 బిట్లు. భాగిస్తే సుమారు 833 ప్యాకెట్లు. కళ్ళు మూసి తెరిచేలోపు అంత వరుస!

ఆ కోటి బిట్లు 10 గిగాబిట్ల లైనులో ఒక మిల్లీసెకనులో బయటికి పోతాయి. అదే 10 మెగాబిట్ల లైనులో అయితే పూర్తిగా ఒక సెకను పడుతుంది. ఒక సెకను ఎక్కువేమీ కాదనిపించవచ్చు. కానీ ఫోన్ మాటకు అది చాలా ఎక్కువ. ఒకరి మాట రెండోవారికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐ.టి.యు. సిఫారసు. ఆలస్యం పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం జరుగుతుంది. సినిమా డౌన్‌లోడ్‌కు మాత్రం ఒక సెకను ఆలస్యమైనా నష్టం లేదు. ఈ తేడా నుంచే ప్రాధాన్యపు వరుసలు పుట్టాయి.

గుర్తు వేయడం

ఏ ప్యాకెట్‌లో మాట ఉంది, దేనిలో సినిమా ఉంది అని లైన్ కార్డు విప్పి చూస్తూ కూర్చోలేదు. 10 గిగాబిట్ల ఈథర్నెట్‌లో అతి చిన్న 64 బైట్ల ప్యాకెట్లే వరుసగా వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షలకు పైగా వస్తాయి. ఒక్కోదానికి దొరికే సమయం సుమారు 67 నానోసెకన్లు. అందుకని పైన ఒక గుర్తు వేస్తారు. ఐ.పి. ప్యాకెట్ తలభాగంలో ఇందుకోసం 8 బిట్ల గడి 1981 నాటి ప్రమాణంలోనే ఉంది. 1998లో వచ్చిన కొత్త ప్రమాణం అందులో 6 బిట్లకు డి.ఎస్.సి.పి. అని పేరు పెట్టింది. 6 బిట్లతో 64 గుర్తులు వేయవచ్చు. మామూలు ప్యాకెట్ గుర్తు 0. మాటల ప్యాకెట్లకు 46 వేయడం ఆచారం. రౌటర్లు తమలో తాము మాట్లాడుకునే సందేశాలకు 48 వేస్తారు.

లైన్ కార్డు ఆ అంకెను చూసి ప్యాకెట్‌ను తగిన వరుసలో నిలబెడుతుంది. చాలా యంత్రాలలో ఒక్కో పోర్టుకు 8 వరుసలు ఉంటాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 46 అనే గుర్తును ఎవరైనా వేసుకోవచ్చు. అందువల్ల నెట్‌వర్క్ గుమ్మం దగ్గరే గుర్తులను తనిఖీ చేసి, అర్హత లేని వాటిని చెరిపివేయాలి.

ఖచ్చితమైన ప్రాధాన్యం

అన్నింటికన్నా సులభమైన పద్ధతి ఇది. పై వరుసలో ఒక్క ప్యాకెట్ ఉన్నా దాన్నే పంపాలి. పై వరుస పూర్తిగా ఖాళీ అయితేనే కింది వరుస వైపు చూడాలి. దీన్ని స్ట్రిక్ట్ ప్రయారిటీ అంటారు. పై వరుసలోని వారికి ఇది స్వర్గం. అప్పటికే లైను మీద పోతున్న ఒక్క ప్యాకెట్ పూర్తయ్యేదాకా ఆగితే చాలు. 1500 బైట్ల ప్యాకెట్‌కు 10 మెగాబిట్ల లైనులో అది 1.2 మిల్లీసెకన్లు, 1 గిగాబిట్ లైనులో 12 మైక్రోసెకన్లు మాత్రమే.

మరి కింది వరుస సంగతి? పై వరుస ఎప్పుడూ ఖాళీ కాకపోతే కింది వరుసకు వంతు ఎప్పుడూ రాదు. మా పుస్తకంలో దీనికి పేరు స్టార్వేషన్. తెలుగులో పస్తు. ఆ మాట పరీక్ష కోసం చదివాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ అర్థమైంది తరువాతే.

నేను చేసిన తప్పు

మన కంప్యూటర్ గదిలో పది సిస్టములు, అన్నింటికీ ఒకే కనెక్షన్. బయటికి పంపే వేగం 2 మెగాబిట్లు. ఒకసారి ఆ గదిలో కూర్చొని ఒక సంస్థవారి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు హాజరయ్యాను. అదే సమయంలో మిగతావారు ఏవో ఫైళ్ళు పంపుతున్నారు. నా మాట తెగిపోయింది. అవతలి సార్ మూడుసార్లు "మీ మాట వినిపించడం లేదు" అన్నారు, నాలుగోసారి లైన్ పెట్టేశారు. ఆ రోజు అన్నం తినలేదు.

ఆ పట్టుదలతో వార్డెన్ సార్ అనుమతి తీసుకొని, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసి దాన్నే రౌటర్‌గా మార్చాను. పెద్ద లైన్ కార్డు చేసే పనినే అది నెమ్మదిగా చేస్తుంది. రెండు వరుసలు పెట్టాను. కాల్స్ అన్నీ పై వరుస, మిగతావన్నీ కింది వరుస. ఖచ్చితమైన ప్రాధాన్యం, హద్దు ఏమీ లేదు. నెల రోజులు అందరూ మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

తరువాత స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు చివరి రోజు వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం తమ్ముడొకడు సాయంత్రం ఆరింటి నుంచి కూర్చొని ఆదాయ ధ్రువపత్రం, పాస్‌బుక్కు స్కాన్ కాపీలు ఎక్కించాలని చూస్తున్నాడు. ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోయింది. "అన్నా, పేజీ తిరుగుతూనే ఉందన్నా" అన్నాడు. "చివరి రోజు కదరా, సైటు బిజీగా ఉంటుంది. కాసేపాగి చూడు" అన్నాను. తొమ్మిదిన్నరకు మళ్ళీ వచ్చాడు. "ఈ రాత్రి దాటితే ఫీజు మేమే కట్టుకోవాలన్నా" అన్నాడు. గొంతు వణుకుతోంది.

అప్పుడు వెళ్ళి రౌటర్‌లో లెక్కలు చూశాను. ఆ సాయంత్రం నుంచి ముగ్గురు వీడియో కాల్స్‌లో ఉన్నారు. 2 మెగాబిట్లూ వారికే సరిపోయాయి. పై వరుస ఖాళీ కాలేదు. కింది వరుస నిండిపోయి ప్యాకెట్లు పారవేయబడుతున్నాయి. సైటు బాగానే ఉంది. అడ్డం పడింది నేను రాసిన నియమం. దాన్ని తీసేశాను. పది నిమిషాల్లో అతని దరఖాస్తు వెళ్ళిపోయింది. "థ్యాంక్సన్నా" అని చేయి పట్టుకున్నాడు. తప్పు నాదేనని ఆ రోజు చెప్పలేకపోయాను. తమ్ముడూ, ఇది చదివితే నన్ను క్షమించు.

ఆ రాత్రి నాకు తెలిసిన విషయం ఇది. ప్రాధాన్యం ఇచ్చినంత మాత్రాన లైను పెద్దది కాదు. ఒకరి ఎదురుచూపు తగ్గితే ఆ ఎదురుచూపు మరొకరి మీదికి పోతుంది. ఎవరి మీదికి పోతున్నదో చూడకుండా ప్రాధాన్యం ఇవ్వకూడదు.

వంతుల లెక్క

మరి వంతులు వేస్తే సరిపోతుందా? కుళాయి దగ్గర ఒక్కొక్కరికి ఒక్కొక్క వంతు అన్నామనుకోండి. ఒకడు చెంబు తెస్తాడు, మరొకడు డ్రమ్ము తెస్తాడు. వంతులు సమానమే, నీళ్ళు సమానం కావు. ప్యాకెట్లు కూడా అలాగే చిన్నవీ పెద్దవీ ఉంటాయి. కనుక వంతులను కాక బైట్లను లెక్కపెట్టాలి.

1989లో డెమర్స్, కేశవ్, షెంకర్ అనే ముగ్గురు న్యాయమైన వరుస పద్ధతిని వివరించారు. అది మంచిదే కానీ ప్రతి ప్యాకెట్‌కూ ఎవరిది ముందు పూర్తవుతుందో వెదకాలి. 67 నానోసెకన్లలో అది కష్టం. 1995లో ఎం. శ్రీధర్, జార్జ్ వర్గీస్ సులభమైన ఉపాయం చెప్పారు. దాని పేరు డెఫిసిట్ రౌండ్ రాబిన్. జార్జ్ వర్గీస్ ఐ.ఐ.టి. బొంబాయిలో బి.టెక్. చదివినవారు.

పద్ధతి ఇది. ప్రతి వరుసకూ ఒక ఖాతా ఉంటుంది. ప్రతి చుట్టులో ఆ ఖాతాలో కొన్ని బైట్లు జమ అవుతాయి. ముందున్న ప్యాకెట్‌కు సరిపడా జమ ఉంటే పంపి, అంత తీసివేస్తారు. చాలకపోతే ఆ జమ తరువాతి చుట్టుకు నిలవ ఉంటుంది. వరుస ఖాళీ అయితే ఖాతా సున్నా అవుతుంది.

ఉదాహరణ: మొదటి వరుసకు చుట్టుకు 500 బైట్లు, అందులో 1200 బైట్ల ప్యాకెట్ ఒకటి ఉంది. రెండో వరుసకు చుట్టుకు 1000 బైట్లు, అందులో 400 బైట్ల ప్యాకెట్లు మూడు ఉన్నాయి.

1వ చుట్టు: మొదటి వరుస జమ 500, చాలదు. రెండో వరుస జమ 1000, రెండు ప్యాకెట్లు పోతాయి, 200 నిలవ.
2వ చుట్టు: మొదటి వరుస జమ 1000, చాలదు. రెండో వరుస జమ 1200, మూడో ప్యాకెట్ పోతుంది. వరుస ఖాళీ, ఖాతా సున్నా.
3వ చుట్టు: మొదటి వరుస జమ 1500. 1200 బైట్ల ప్యాకెట్ పోతుంది. ఆ వరుసా ఖాళీ.

చూశారా, మొదటి వరుస వాటా రెండోదానిలో సగమే. అయినా దాని వంతు తప్పకుండా వచ్చింది. వాటా చిన్నదైనా పస్తు లేదు.

పై వరుసకు హద్దు

మాటకు ఎదురుచూపు పనికిరాదు కనుక పై వరుస ఉండవలసిందే. కానీ దానికి హద్దు కట్టాలి. ఎంత హద్దు అనేది లెక్క వేసుకోవచ్చు. పాత పద్ధతి ఫోన్ మాట సెకనుకు 64,000 బిట్లు. 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చేస్తే మాట 160 బైట్లు, చిరునామా మొదలైనవి 40 బైట్లు, మొత్తం 200 బైట్లు. సెకనుకు 50 ప్యాకెట్లు. అంటే 80,000 బిట్లు. 30 కాల్స్‌కు 2.4 మెగాబిట్లు. ఈథర్నెట్ తలభాగం కూడా కలుస్తుంది కనుక 10 మెగాబిట్ల లైనులో 3 మెగాబిట్లు హద్దు పెట్టవచ్చు. మిగిలిన 7 మెగాబిట్లు ఎప్పటికీ ఇతరులవే.

హద్దును అమలు చేయడానికి టోకెన్ బకెట్ వాడతారు. ఒక డబ్బాలో నిర్ణీత వేగంతో టోకెన్లు పడుతుంటాయి. పోయే ప్రతి ప్యాకెట్ తన బైట్లకు సరిపడా టోకెన్లు ఇవ్వాలి. డబ్బా ఖాళీ అయితే ఆ ప్యాకెట్‌ను పారవేయడమో, కింది వరుసకు పంపడమో చేస్తారు. కాల్స్ లేనప్పుడు ఆ 3 మెగాబిట్లు వృథా పోవు, మిగతా వరుసలు వాడుకుంటాయి.

మన హాస్టల్ రౌటర్‌లో ఇప్పుడు ఈ పద్ధతే ఉంది. కాల్స్‌కు ప్రాధాన్యమూ ఉంది, హద్దూ ఉంది. హద్దు తగిలినప్పుడు వీడియో బొమ్మ కాస్త మసకబారుతుంది, అంతే.

మరచిపోకూడని రెండు సంగతులు

మొదటిది, రౌటర్ల సొంత సందేశాలు. ఓ.ఎస్.పి.ఎఫ్. పద్ధతిలో పక్కపక్క రౌటర్లు మామూలుగా 10 సెకన్లకు ఒకసారి "నేనున్నాను" అని చెప్పుకుంటాయి. 40 సెకన్లు ఆ మాట వినబడకపోతే పక్కవాడు చనిపోయాడని దారి మార్చేస్తాయి. ఆ సందేశాలు పస్తులుండే వరుసలో చిక్కుకుంటే బాగున్న లైను కూడా తెగిపోయినట్టు లెక్క. అందుకే 48 గుర్తు వాటికి ప్రత్యేక వరుస ఉంచాలి.

రెండవది, లోపలికి వచ్చే వైపు. వచ్చిన ప్యాకెట్లన్నింటినీ ఒకే వరుసలో నిలబెడితే, ముందున్న ప్యాకెట్ పోవలసిన పోర్టు ఖాళీ లేనప్పుడు వెనుకవన్నీ ఆగిపోతాయి, వాటి పోర్టులు ఖాళీగా ఉన్నా సరే. పోర్టులు చాలా ఉండి, ప్యాకెట్లు అన్ని పోర్టులకూ సమానంగా పోతుంటే ఇలాంటి యంత్రం తన సామర్థ్యంలో 58.6 శాతమే పనిచేస్తుందని 1987లో ముగ్గురు పరిశోధకులు లెక్కగట్టి చూపారు. దీనికి మందు ఏమిటంటే, లోపలి లైన్ కార్డులోనే ఒక్కో బయటి పోర్టుకు ఒక్కో వరుస పెట్టడం. దీన్ని వర్చువల్ అవుట్‌పుట్ క్యూ అంటారు. బయటి పోర్టులో చోటు ఉందని అనుమతి వచ్చాకే ప్యాకెట్ కదులుతుంది.

ముగింపు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా నాన్న కూలిపని చేస్తారు. ఎవరో ఒకరు మాలాంటి వారికంటూ ఒక వాటా రాసిపెట్టబట్టి, ఈ హాస్టల్లో అన్నం తిని ఇంతవరకు వచ్చాను. ఆ వాటా విలువ తెలిసినవాణ్ణే, చేతికి అధికారం రాగానే కింది వరుసకు వాటా పెట్టడం మరచిపోయాను. రేపు మీలో కొందరు ఇంజనీర్లు అవుతారు, కొందరు ఆఫీసర్లు అవుతారు. ఏ వరుసకు నియమం రాసినా, రాశాక ఒకసారి చివర నిలబడినవాడి దగ్గరికి వెళ్ళి చూడండి.

సాధన కోసం మూడు లెక్కలు:

1. 2 మెగాబిట్ల లైనులో 1500 బైట్ల ప్యాకెట్ పోవడానికి ఎంత సమయం?
2. పైన చెప్పిన పద్ధతిలో 50 కాల్స్‌కు ఎన్ని మెగాబిట్లు కావాలి?
3. ఒక వరుసకు చుట్టుకు 600 బైట్ల జమ. అందులో 1000, 700 బైట్ల ప్యాకెట్లు వరుసగా ఉన్నాయి. ఏది ఏ చుట్టులో పోతుంది?

జవాబులు: 6 మిల్లీసెకన్లు, 4 మెగాబిట్లు, మొదటిది 2వ చుట్టులో, రెండోది 3వ చుట్టులో.

రాకపోతే సిగ్గుపడకండి. రాత్రి భోజనాల తరువాత కంప్యూటర్ గదిలోనే ఉంటాను. వచ్చి అడగండి.